తుపాకీ దించాక తెలిసినవి

సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లూ, దేవుని సేవకు వెళ్లాలనుకునే కుర్రాళ్లూ నా దగ్గరికి వస్తుంటారు. నేను రెండూ చేసినవాణ్ణి. మొదట మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయిగా తుపాకీ పట్టాను. అది దించి, హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివి, అభిషేకం పొంది, మళ్లీ అదే సైన్యంలోకి పాద్రీగా వెళ్లాను. పింఛను పుచ్చుకుని వచ్చాక డెల్టాలో ఒక చిన్న సంఘానికి కాపరినయ్యాను. ఆ పనికీ ఈ పనికీ పొంతన ఎలా కుదిరిందని అడుగుతారు. కుదరలేదనే చెబుతాను. మొదటిది నేర్పిన అలవాట్లు రెండోదానికి అడ్డం వచ్చాయి. రెండోది అడిగిన ప్రశ్నలకు మొదటిదానిలో జవాబు లేదు. ఆ రాపిడిలో తెలిసినవి కొన్ని రాస్తున్నాను. వీటిలో చాలా పాఠాలు నాకు ఒంటబట్టేసరికి నష్టపోయింది నేను కాదు, నన్ను నమ్మినవాళ్లు. మీరైనా ముందే వినండి.

1. భయపడేవాడి పక్కన భయమెరిగినవాడే కూర్చోగలడు.

ఆకివీడు దగ్గరి పల్లె నుంచి 1968లో నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు వెళ్లేటప్పటికి చలి అంటే ఏమిటో నాకు తెలియదు. రెజిమెంట్ సెంటర్‌లో తమిళులం, మలయాళీలం, కన్నడిగులం, తెలుగువాళ్లం అందరం ఆఫీసర్లకు తంబీలమే. ‘వీర మద్రాసీ, అడి కొల్లు’ అని గొంతు చించుకుని అరవడం నేర్పారు. ఆ అరుపుతో భయం పోతుందనుకున్నాను. 1971 పాకిస్తాన్ యుద్ధంలో, డిసెంబరు 15 రాత్రి షకర్‌గఢ్ వైపు బసంతర్ నది దాటాం. అవతల నేలంతా మందుపాతరలు. సాపర్లు ముందు వెళ్లి దారి తీస్తుంటే, వాళ్లు గుర్తు పెట్టిన సందులోంచి ఒకరి వెనక ఒకరం నడిచాం. ఆ నడకలో నా ప్యాంటు తడిసింది. చీకటి కాబట్టి ఎవరూ చూడలేదు.

మర్నాడు అదే పోరులో పూనా హార్స్ ట్యాంకు పటాలానికి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్, మంటలంటుకున్న ట్యాంకును వదిలి రాకుండా పోరాడి చనిపోయాడు. 21 ఏళ్లు, నా ఈడువాడే. పరమవీర చక్ర ఇచ్చారు. అలాంటివాళ్లకు భయం పుట్టదనీ, పుట్టింది కాబట్టి నేను వేరే రకం మనిషిననీ చాలాకాలం నమ్మాను. పాద్రీనయ్యాక, ఎత్తయిన పోస్టుకు బయల్దేరే ముందురోజు ఒక కుర్ర జవాను కడుపునొప్పి అని సిక్ రిపోర్టు చేశాడు. తోటివాళ్లు కామ్‌చోర్ అని నవ్వారు. నాలుగు వాక్యాలు చదివి ధైర్యం చెప్పమని సుబేదార్ సాబ్ నన్ను పంపాడు. నేను బైబిలు తెరవలేదు. బసంతర్ దగ్గర నా ప్యాంటు సంగతి చెప్పాను. వాడు ముందు నమ్మలేదు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత ఏడ్చాడు. తెల్లారి పోస్టుకు వెళ్లాడు. వెళ్లకపోయినా నా దృష్టిలో తక్కువయ్యేవాడు కాదు.

2. శత్రువును గౌరవిస్తే దేశం చిన్నబోదు.

డిసెంబరు 17 రాత్రి 8 గంటలకు కాల్పుల విరమణ వచ్చింది. అంతకు ముందు అదే రోజు జర్పాల్ దగ్గర పాకిస్తాన్ 35 ఫ్రాంటియర్ ఫోర్స్ పటాలాన్ని ముందుండి నడిపిస్తూ లెఫ్టినెంట్ కల్నల్ మహమ్మద్ అక్రమ్ రాజా నేలకొరిగాడు. ఆయన తెగువను ఎదురుగా నిలిచి చూసిన మన గ్రెనేడియర్ల కమాండింగ్ ఆఫీసర్ ఎయిరీ దాన్ని మెచ్చుకుంటూ రాసిచ్చాడు. పాకిస్తాన్ తన అధికారికి హిలాల్-ఎ-జుర్రత్ పతకం ఇచ్చింది. నాబోటి సిపాయికి ఈ సంగతి ఎన్నో ఏళ్లకు గానీ తెలియలేదు. అప్పట్లో నాకు తెలిసిందల్లా శవాలు అప్పగించే పని. స్ట్రెచర్ ఒక కొస నా చేతిలో, రెండో కొస అవతలి సిపాయి చేతిలో. అతడి పంజాబీ నాకు రాదు, నా వచ్చీరాని హిందీ అతడికి తెలియదు. దున్నిన చేలో శవం ఒరగకుండా ఉండాలంటే ఇద్దరం అడుగు కలపాలి. కలిపాం.

సెలవు మీద ఊరొస్తే చెరువుగట్టు మీద అందరిదీ ఒకటే ప్రశ్న: “ఎంతమందిని చంపావురా?” నేనొక అంకె చెప్పాను. అది అబద్ధం. చీకట్లో కాల్చినవాడికి అంకె ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? మళ్లీ మళ్లీ అడిగేకొద్దీ దాన్ని పెంచుతూ పోయాను. స్ట్రెచర్ మోసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, చెబితే పిరికివాడంటారని. సంఘపెద్ద అయిన మా నాన్న ఒక్కడే ఆ ప్రశ్న అడగలేదు. రాత్రి నా పక్కన మంచం వాల్చుకుని, “నిద్ర పడుతోందా అబ్బాయ్?” అన్నాడు.

నేను సేవకు ఎలా వచ్చానో చెప్పమనేవాళ్లు ఆకాశం నుంచి వెలుగేదైనా దిగిందేమోనని ఆశగా చూస్తారు. దిగలేదు. నాన్న అడిగిన మాటను పటాలంలో మరొకణ్ణి అడిగే మనిషి ఒకడుండాలనిపించింది. అంతే.

3. నీ మందకు మాత్రమే కాపరివైతే పటాలానికి పనికిరావు.

మన సైన్యంలో ధర్మగురువులు నాయిబ్ సుబేదార్ హోదాతో చేరతారు. పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు, ఏ పటాలానికి ఎవరు అవసరమైతే వాళ్లు. ప్రార్థనలు నడపడం, అంత్యక్రియలకు నిలబడటం, ఆసుపత్రిలో రోగుల్ని పలకరించడం, శిక్షలో ఉన్న జవాన్లను చూసిరావడం, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పడం మా పని. పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో అన్ని మతాల గురువులకూ కలిపి తరగతులు జరుగుతాయి. రంగ్రూట్లు కసమ్ పరేడ్‌లో ప్రమాణం చేసేటప్పుడు గీత, ఖురాన్, గురుగ్రంథ సాహిబ్, బైబిలు పట్టుకుని మేం పక్కపక్కనే నిలబడతాం. ఎవరి గ్రంథం మీద వాళ్లు చెయ్యి వేస్తారు. ప్రమాణం మాత్రం అందరిదీ ఒకటే.

ఇదంతా తెలిసి కూడా కొత్తలో నేనొక పని చేశాను. దసరాకు పటాలం గుడిలో ఆయుధపూజ అయ్యాక పండిట్‌జీ అందరి మధ్య నాకు ప్రసాదం చాచారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న కట్టుబాటు అది. ఆయన ఏమీ అనకుండా పక్కవాడికి ఇచ్చి ముందుకు సాగిపోయారు. సాయంత్రం సుబేదార్ మేజర్ నన్ను పిలిచి, “పాద్రీ సాబ్, రేపు చావుబతుకుల్లో ఉన్న ఏ జవాను మంచం దగ్గరికో మీరు వెళ్తే, వాడు మీ ముఖం చూడడు, వెనక్కి తీసుకున్న ఈ చెయ్యే చూస్తాడు” అన్నారు. ఆ డిసెంబరులో క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి నిచ్చెన పట్టుకుని ముందుగా వచ్చింది పండిట్‌జీయే.

మరుసటి దసరాకు రెండు చేతులూ చాచాను. అది తప్పని నాతో వాదించిన పాస్టర్లు ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు, ఎవరి మనస్సాక్షి వారిది. పుచ్చుకోలేనివాడు పుచ్చుకోకపోవచ్చు. కానీ కాదనేటప్పుడు కూడా ఎదుటివాడి తల దించకుండా అనే పద్ధతి ఉంటుంది. నాకు ఆ పద్ధతి తెలియలేదు. ముఖాముఖి నిలబడి, నమస్కారం పెట్టి, కారణం చెప్పి ఉంటే పండిట్‌జీ అర్థం చేసుకునేవారు. నేను చెయ్యి దాచుకున్నాను.

4. ఒప్పుకోవడానికి వచ్చినవాడి నోరు ఓదార్పుతో మూయకు.

1987 అక్టోబరులో జాఫ్నా పోరు మొదలయ్యాక శ్రీలంక నుంచి మన శాంతిసేన క్షతగాత్రులు మద్రాసుకు రాసాగారు. ఆసుపత్రి వార్డులో ఒక తమిళ జవాను పరిచయమయ్యాడు. మన సైన్యంలో ఆ యుద్ధం అందరికీ కష్టమే, తమిళుడికి రెండింతలు. ఎదురుగా ఉన్నవాళ్లు మాట్లాడేది అతడి తల్లి మాట్లాడే భాష. ఒక వీధిలో ఇళ్లు గాలిస్తూ కిటికీలోంచి గ్రెనేడ్ విసిరాడట. “విసిరాక లోపల ఎవరో ‘అమ్మా’ అన్నారు సాబ్, మా ఇంట్లో అన్నట్టే” అన్నాడు. అది ఆడగొంతో మగగొంతో కూడా చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. చెయ్యి పట్టుకుని, “డ్యూటీలో జరిగింది తంబీ, దేవుడు అది నీ లెక్కలో రాయడు” అన్నాను. అతడు “సరే సాబ్” అని గోడవైపు తిరిగాడు. ఆ వార్డులో ఉన్నన్నాళ్లూ నన్ను మర్యాదగానే పలకరించాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎందుకంత తొందరపడ్డానో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. అతడు చేసింది పాపమైతే బసంతర్ అవతల నేను చేసిందీ పాపమే. అతణ్ణి విడిపించే నెపంతో నన్ను నేను విడిపించుకున్నాను. మా లూథరన్ ఆరాధనక్రమంలో పాపపు ఒప్పుకోలు ముందు, క్షమాపణ ప్రకటన తర్వాత. ఆ వరుస ప్రతి ఆదివారం నా నోటితో చదివేవాణ్ణి. మంచం పక్కన మాత్రం తలకిందులు చేశాను. అతడింకా ఒప్పుకోకముందే క్షమాపణ చేతిలో పెట్టేసరికి, చెప్పాల్సింది లోపలే ఉండిపోయింది. ఇప్పుడైతే ఒకటే మాట అంటాను: “తర్వాత ఏమైంది?” అంతకు మించి పాద్రీ చెప్పదగ్గది ఆ గంటలో ఏమీ ఉండదు.

1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగాయి. స్వాగతానికి రాష్ట్ర ముఖ్యమంత్రి వెళ్లలేదు. ఆ యుద్ధంలో మనవాళ్లు సుమారు 1,200 మంది పోయారు. బతికి వచ్చినవాళ్లు చెప్పుకుందామంటే వినేవాళ్లు కరువైన యుద్ధం అది. వినడమే ఉద్యోగమైన నేను కూడా వినలేదు.

5. మరణవార్త మోసుకెళ్లేవాడు దేవుని ఉద్దేశాలు మోసుకెళ్లకూడదు.

1971లో చాలామందికి పోయినచోటే అంత్యక్రియలు జరిగిపోయాయి. 1999లో కార్గిల్ నుంచి శవపేటికలు ఊళ్లకు వెళ్లాయి. ఆ యుద్ధంలో 527 మంది అమరులయ్యారు. దేశం మొదటిసారి అన్ని పేటికలను తన వీధుల్లో చూసింది. పేటికతో పాటు కొన్నిసార్లు మేమూ వెళ్లాం. అలా ఈశాన్య కొండల్లో ఒక ఊరికి చేరాను. ఊరంతా గుడి దగ్గర నిలబడి ఉంది. ఆ రోజుల్లో కోహిమా ప్రాంతపు కెప్టెన్ కెంగురూసే గురించి ఆ కొండల్లో అందరూ చెప్పుకుంటున్నారు. జారుతున్న బూట్లు విప్పేసి, రాతిగోడ ఎక్కి, శత్రువును ఎదుర్కొని చనిపోయినవాడు. తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. ఈ తల్లికి కూడా అలాంటి వీరగాథే చెప్పాలనుకున్నాను. దానికి ముందు, దేవుడు మంచివాళ్లను త్వరగా పిలుచుకుంటాడన్న వాక్యం సిద్ధం చేసుకున్నాను.

సంఘపెద్ద ఒకాయన నా మాటలు వాళ్ల భాషలో చెప్పాడు. ఆవిడ చివరిదాకా విని ఏదో అడిగింది. పెద్దాయన నా వైపు తిరిగాడు: “ఆ పూట అన్నం తిన్నాడా అని అడుగుతోంది.” నాకు తెలియదు. ఆ కుర్రాడి ప్లటూన్‌లో ఎవరినైనా అడిగితే చెప్పేవారు. నేను అడగలేదు. పరలోకం సంగతులు అన్నీ తెలుసుకుని వెళ్లాను, ఆ పూట మా వంటశాల, అదే లంగర్ నుంచి పైకి ఏం వెళ్లిందో తెలుసుకోలేదు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. బయల్దేరే ముందు పోయినవాడి సెక్షన్ కమాండర్ దగ్గర కూర్చుని అన్నీ అడిగేవాణ్ణి. చివరగా ఏం తిన్నాడు, ఇంటి నుంచి ఉత్తరం అందిందా, పక్కన ఎవరున్నారు, ఎంతసేపు బాధపడ్డాడు, మాట్లాడాడా. తెలిసింది తెలిసినట్టు చెప్పేవాణ్ణి. బాధపడ్డాడని తెలిస్తే, అడిగితేనే చెప్పేవాణ్ణి, కానీ లేదని బొంకలేదు. దేవుడు ఎందుకు తీసుకెళ్లాడన్నది నా చేతి సంచిలో ఉండే వస్తువు కాదని ఆ తల్లి దగ్గర తెలిసింది.

6. డాక్టరు పని ప్రార్థనకు అప్పగించకు.

మా ఇంటావిడ నన్ను నిద్రలేపేటప్పుడు ఏనాడూ భుజం తట్టదు. మంచం కాళ్లవైపు నిలబడి బొటనవేలు కదుపుతుంది. భుజం తడితే నా చెయ్యి లేస్తుందని పెళ్లయిన కొత్తలోనే ఆవిడకు తెలిసింది. ఆ కథ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే లేచి సమాధానం గురించి ప్రసంగాలు రాసుకునేవాణ్ణి. యుద్ధం చూసినవాళ్లను ఏళ్ల తరబడి పట్టి పీడించే ఈ బాధను అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో పీటీఎస్‌డీ అనే పేరుతో జబ్బుల పట్టికలో చేర్చింది. నేను వేదాంతం చదువుకుంటున్న రోజులవి. మా బ్యాచి చదువులో ఆ ఊసు లేదు. నా బాధకు నేను పెట్టుకున్న పేరు విశ్వాసలోపం.

ఒక హవల్దార్ వచ్చి రాత్రిళ్లు కన్ను మూతపడటం లేదన్నాడు. పెట్రోలింగ్‌లో పక్కవాడు పోయినప్పటి నుంచీ అంతేనట. మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టాను. అతడికీ అదే కావలసింది. డాక్టరు దగ్గరికి వెళితే షేప్-1 అనే పూర్తి ఆరోగ్యపు స్థాయి పోతుంది, మెడికల్ కేటగిరీ పడిపోతే ప్రమోషన్ ఆగిపోతుంది. దాక్కోవాలనుకున్నవాడికి నేను ప్రార్థనగదిని చూపించాను. సెలవులో ఇంటికి వెళ్లి ఒక రాత్రి నిద్రలో భార్య గొంతు పట్టుకున్నాడు. ఇరుగుపొరుగు విడిపించారు. ఆ అమ్మాయి నాకు ఉత్తరం రాసింది: “మీరు ప్రార్థన చేశారని చెప్పారు అయ్యగారూ. డాక్టరుకి చూపించమని కూడా ఎందుకు చెప్పలేదు?” జవాబు రాయడానికి కూర్చుని చాలా కాగితాలు చింపాను.

ప్రార్థన వద్దనడం లేదు. నేను ఇప్పటికీ చేస్తాను, ఇకపైనా చేస్తాను. కానీ కాలు విరిగినవాణ్ణి మోకరించమనేవాడు కాపరి కాదు. నిద్ర రానివాడు, చావాలనిపిస్తోందన్నవాడు నీ దగ్గరికి వస్తే అతడితో పాటు డాక్టరు దగ్గరికి నువ్వూ నడిచి వెళ్లు. ఇప్పుడు టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మా గుడి గోడ మీద రాయించాను.

7. ఆజ్ఞతో అడుగులు కలుస్తాయి, మనసులు కలవవు.

పటాలంలో జవాన్లందరిదీ ఒకటే లంగర్. బడాఖానా రోజున సీవో సాబ్ నుంచి కొత్త సిపాయి దాకా ఒకే చోట తినేవాళ్లం. ఎవరి పళ్లెం పక్కన ఎవరి పళ్లెం పడుతుందో చూసుకునే అలవాటు పోయింది. అలాంటివాణ్ణి ఊరి సంఘానికి కాపరిగా వచ్చేసరికి, మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడి. ఒకే సంఘం, ఒకే పాటల పుస్తకం, రెండు గుడిగంటలు. సమాధుల తోటలో కూడా మధ్యలో కనిపించని గీత ఉంది. రక్తం ఉడికింది. వచ్చే ఆదివారం అందరికీ ఒకేచోట ప్రభువు బల్ల అని రెండు గుళ్లలోనూ ప్రకటించాను. ఎవరికీ ముందు చెప్పలేదు, ఏ పెద్దనూ సంప్రదించలేదు. పటాలంలో ఆర్డర్ ఇచ్చాక ఎవరు అడుగుతారు?

ఆ ఆదివారం బల్ల దగ్గర నేను, మా ఇంటావిడ, కీబోర్డు వాయించే కుర్రాడు. అంతే. ఆ కుర్రాడు కూడా జీతం కోసమే వచ్చాడని తర్వాత తెలిసింది. కోపంతో కొన్నాళ్లు పొడిపొడిగా మాట్లాడాను. ఊడ్పుల రోజుల్లో ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్లను గుమ్మం దగ్గరే మందలించాను. ఒకావిడ తలగుడ్డ సర్దుకుంటూ, “పొద్దున్నే మునుం పట్టకపోతే కూలి పోద్ది అయ్యగారూ, దేవుడికి తెలుసు లెండి” అంది. అప్పుడు తెలిసింది నాకు. నేను గడియారం చూస్తున్నాను, వాళ్లు పూట గడవడం చూస్తున్నారు.

ఆరాధన వేళ సాయంత్రానికి మార్చాను. ఏ పల్లెలో ఎవరు పోయినా రెండు పల్లెల కుర్రాళ్లను పేరు పేరునా ఇంటికెళ్లి పిలిచి పెట్టె మోయించడం మొదలుపెట్టాను. ఒకే చేలో నాట్లు వేసే ఆడవాళ్లు ఒకే చోట పాటలు నేర్చుకోవడానికి అభ్యంతరం చెప్పలేదు. మగవాళ్ల కంటే ఆ విషయంలో వాళ్లే ముందు నడిచారు. ఇప్పటికీ రెండు గుళ్లు ఉన్నాయి. క్రిస్మస్ విందు మాత్రం ఒకేచోట జరుగుతోంది. నా హయాంలో అయింది ఇంతే. మిగిలింది తర్వాత వచ్చేవాళ్ల వంతు.

8. పోయినవాళ్లను నీ సాక్ష్యానికి సాక్షులుగా పిలవకు.

ఇది చివర పెట్టాను, చెప్పడం కష్టం కాబట్టి. రిటైరయ్యాక ఉజ్జీవ సభలకు పిలుపులు వచ్చేవి. గోడల మీద నా ఫోటో వేసి ‘మిలటరీ పాస్టరుగారి సాక్ష్యం’ అని రాసేవారు. బసంతర్ కథ చెబితే జనం కదలకుండా వినేవారు. ఆ కథలో నా పక్కనే మందుపాతర మీద కాలు పడిన శ్రీకాకుళం తంబీ ఉండేవాడు. మేమిద్దరం ఒకే బారక్‌లో, పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్లం. మొదట్లో అతడు చనిపోయాడనే చెప్పేవాణ్ణి. కొన్ని సభలయ్యాక, చనిపోతూ నా చెయ్యి పట్టుకున్నాడన్నాను. ఇంకొన్నిటికి, నా కోసం ప్రార్థన చెయ్యి అని అడిగాడన్నాను. చివరికి, నా దేవుణ్ణి నమ్ముకుని కన్ను మూశాడు. ఎక్కడ పెంచానో నాకే గుర్తు లేదు. చెరువుగట్టు మీద అంకె పెంచిన నోరే ఇదీ పెంచింది. అప్పుడు చప్పట్ల కోసం, ఇప్పుడు దేవుడి పేరు మీద.

ఒక సభ అయ్యాక ఒక యువకుడు వచ్చి నిలబడ్డాడు. ఆ తంబీ చెల్లెలి కొడుకు. ఎవరో ఫోన్‌లో నా ప్రసంగం వినిపిస్తే వాళ్లమ్మ పంపిందట. “మావయ్య సింహాద్రి అప్పన్న భక్తుడండి. ఆఖర్న నిజంగా అలాగే అన్నాడేటండి? అమ్మ అడిగి రమ్మంది” అన్నాడు. నిజం ఏమిటంటే, నీళ్లు అడిగాడు. నేను సీసా మూత తీయలేక తడబడుతుంటే తిట్టాడు. ఆ తిట్టే అతడి చివరి మాట. అబ్బాయికి అదే చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, “తిట్టాడా? అయితే మా మావయ్యే” అన్నాడు. ఇన్నాళ్లూ నేను వాళ్లింటి మనిషిని వాళ్లకు కాకుండా చేశానని అప్పటికి గానీ అర్థం కాలేదు. తర్వాతి సభలో జరిగింది జరిగినట్టు చెప్పాను. పిలుపులు తగ్గిపోయాయి. తగ్గాల్సిందే.

నాయనా, నువ్వు సైన్యానికి వెళ్లినా, సేవకు వెళ్లినా నీ చేతుల్లో కొందరు పోతారు. వాళ్ల గురించి మాట్లాడాల్సి వస్తుంది, మాట్లాడు. కానీ నోరు విప్పే ముందు వాళ్ల చెల్లెలు ముందు వరుసలో కూర్చుని వింటోందనుకో. ఆవిడ ముందు చెప్పలేనిది ఎక్కడా చెప్పకు. అంతవరకే ఉంటే కథ చిన్నదైపోతుంది, జనం లేచి వెళ్లిపోతారు. వెళ్లనీ.